చెట్టునకు వేసిన నిచ్చెనలు

సీ.బీ.ఎస్.ఈ. పన్నెండవ తరగతి కంప్యూటరు పాఠ్యక్రమములో పైథాను భాషను పట్టికల దత్తాంశనిధితో కలుపుట ఒక పాఠము. విద్యార్థి అందు నాలుగు పనులు నేర్చుకొనును: నిధితో సంబంధము తెరచుట, ప్రశ్న పంపుట, జవాబుగా వచ్చిన వరుసలను తెచ్చుకొనుట, పని కాగానే తలుపు మూయుట. పాఠము మంచిదే. కాని దాని వెనుక ఎవరును పైకి చెప్పని ఊహ ఒకటి దాగియున్నది. దత్తాంశములన్నియు పట్టికలుగానే ఉండునని ఆ ఊహ. లోకము అట్లు లేదు. పట్టికల పద్ధతి కంటె ముందే పుట్టిన వేరొక అమరికలో, అనగా చెట్టు అమరికలో, ఆసుపత్రుల రికార్డులును బ్యాంకుల ఖాతాలును నేటికిని నడుచుచున్నవి. అట్టి నిధికి పైథాను వంటి భాషను తగిలించుట కష్టము కాదు. తగిలించిన పిమ్మట చెట్టులోని అర్థము చెడకుండ ఇవతలికి వచ్చుచున్నదా అనునదే చిక్కు ప్రశ్న. వాడుకలోనున్న నిచ్చెనలను ఆ ఒక్క ప్రశ్నతో పరీక్షించి చూతము.

ముందుగా చెట్టు సంగతి. ఒక రోగి రికార్డును తలచుకొనుడు. పైన రోగి సంఖ్య. దాని క్రింద పేరు, వయస్సు, పడని మందులు, వాడుచున్న మందులు అను కొమ్మలు. వాడుచున్న మందుల క్రింద మొదటి మందు, రెండవ మందు. ఒక్కొక్క మందు క్రింద మోతాదు, తేది, వ్రాసిన వైద్యుని పేరు. వంశవృక్షములో తాత క్రింద తండ్రి, తండ్రి క్రింద బిడ్డలు ఉన్నట్లే ఇదియును. కొమ్మలు చీలు చోటును మనము కణుపు అందము. పైనుండి దారి పట్టుకొని దిగినగాని క్రింది కణుపును చేరలేము.

ఇట్టి నిధులలో పేరుమోసినది ఐ.బి.ఎం. వారి ఐ.ఎం.ఎస్. అపోలో చంద్రయాత్రకు కావలసిన విడిభాగముల లెక్క పెట్టుటకై దానిని నిర్మించిరి. 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీ పట్టణమున అది మొదటిసారి ‘సిద్ధము’ అను సందేశమునిచ్చినది. దాని సంగతి మరల వచ్చును. మన పరీక్షకు ముఖ్యముగా తీసుకొనునది దానికంటె చిన్నదైన మరియొక చెట్టు.

1966-67 ప్రాంతమున అమెరికాలోని బాస్టను నగరములో మసాచుసెట్సు జనరల్ ఆసుపత్రియందు ఆక్టో బార్నెట్ అను వైద్యుని ప్రయోగశాలలో నీల్ పాపలార్డో, కర్ట్ మార్బుల్, రాబర్ట్ గ్రీన్స్ అనువారు ఒక భాషను తయారుచేసిరి. ఆసుపత్రి పేరులోని తొలి అక్షరములు కలిసివచ్చునట్లు దానికి మంప్స్ అని పేరు పెట్టిరి. ఇంగ్లీషులో అది గవదబిళ్లల జబ్బు పేరు కూడ. ఆసుపత్రిలో పుట్టిన భాష గనుక ఆ హాస్యము వారికి నచ్చియుండవచ్చును. తరువాతి కాలమున కొందరు సిగ్గుపడి దానిని ‘ఎం’ అని పొట్టిగా పిలువసాగిరి. 1977లో అది అమెరికా జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది. మాజీ సైనికులకై నడుచు అమెరికా ప్రభుత్వాసుపత్రులలోని ‘విస్టా’ అను రికార్డుల వ్యవస్థ ఈ భాషమీదనే కట్టబడినది. ఆ ఆసుపత్రులలో దానిని తీసి వేరొక వ్యవస్థను పెట్టు పని 2020లో మొదలైనది.

మంప్స్‌లోని విశేషమేమనగా, అందు భాష వేరు, నిధి వేరు కాదు. ఏ భాషలోనైనను చరరాశికి ఒక విలువనిచ్చి దాచుకొందుము. కార్యక్రమము ముగియగానే ఆ చరరాశి మాయమగును. మంప్స్‌లో చరరాశి పేరునకు ముందు చిన్న టోపీవంటి గుర్తు పెట్టిన చాలును. అది డిస్కుమీద నిలిచిపోవును, మరునాడు వేరొక కార్యక్రమమునకు కూడ కనబడును. తెలుగులో వ్రాసుకొన్నచో ఇట్లుండును:

^రోగి(417,"మందులు",2,"మోతాదు")=5

ఇంతే. సంబంధము తెరచుట లేదు, ప్రశ్న పంపుట లేదు. కుండలీకరణములలోని సూచికలే చెట్టుపై దారి. ఆ దారిలోని కణుపులను ముందుగా ప్రకటింపనక్కర లేదు; వ్రాసినప్పుడు అవే మొలచును. కంప్యూటరు జ్ఞాపకశక్తి మిక్కిలి కొద్దిగా ఉన్న ఆ రోజులలో ఇంత సులువైన ఏర్పాటును ఊహించినవారి తెలివిని మెచ్చుకొనక తప్పదు.

మరి నిచ్చెన ఎందులకు? మంప్స్ నేర్చినవారు నేడు తక్కువ. పైథాను, పెర్ల్, జావాస్క్రిప్టు వంటి భాషలను స్క్రిప్టు భాషలందురు. పెద్ద యంత్రాంగములను ఒకదానితో నొకటి అతికించి పని చేయించుటకు అవి పుట్టినవి. వాటిని నేర్చినవారు ఊరూర ఉన్నారు. వైద్యుడు రోగి చక్కెర మట్టమును గీతగా గీసి చూడగోరునేని పైథానులో పది పంక్తులు చాలును. కావున చెట్టు అక్కడ, చేయి ఇక్కడ. నడుమ నిచ్చెన కావలసివచ్చినది. జీటీ.ఎం. అను మంప్స్ యంత్రము 2000లో లినక్సుపై అందరికిని తెరచి ఇయ్యబడినది. 2017లో దానినుండి యొట్టాడీబీ అను శాఖ చీలినది. సీ భాష ద్వారా చెట్టులోనికి నేరుగా దిగు మార్గమును ఈ శాఖవారు కల్పించి, దానిపై పైథాను మొదలగు భాషలకు నిచ్చెనలు కట్టిరి.

నిచ్చెనలు రెండు తీరులు. మొదటిది పలుచనిది. చెట్టుపై చేయగల పనులు ఏవి కలవో వాటినే ఉన్నవి ఉన్నట్లు స్క్రిప్టు భాషకు అందించును: విలువ తెమ్ము, విలువ పెట్టుము, ఈ కణుపున ఏమున్నదో చెప్పుము, ఈ సూచిక తరువాతి సూచిక ఏది, ఈ కొమ్మ కొట్టుము, తాళము వేయుము. వాడుటకు విసుగు పుట్టించును. ప్రతి అడుగున తప్పు వచ్చినదా అని చూచుకొనవలెను. రెండవది దళసరి నిచ్చెన. అది చెట్టును స్క్రిప్టు భాషలోని సొంత వస్తువువలె, అనగా పైథాను డిక్షనరీవలె, చూపును. చూచుటకు ముచ్చటగానుండును. తరగతిలో చూపినచో పిల్లలు చప్పట్లు కొట్టుదురు. నా ఫిర్యాదు ఈ రెండవ దాని మీదనే.

డిక్షనరీలో ఒక పేరునకు ఎదురుగా ఒక విలువ ఉండును. ఆ విలువ సంఖ్య కావచ్చును, మాట కావచ్చును, మరియొక చిన్న డిక్షనరీ కావచ్చును. కాని సంఖ్యయు, చిన్న డిక్షనరీయు రెండును ఒకేచోట ఉండజాలవు. మంప్స్ కణుపు అట్లు కాదు. దానికి సొంత విలువ ఉండవచ్చును, క్రింద బిడ్డలును ఉండవచ్చును. రోగికి పడని మందుల కణుపున ‘పెన్సిలిన్’ అని ఒక విలువ వ్రాసి, దాని క్రిందనే ఎప్పుడు తెలిసినది, ఏమి జరిగినది అను వివరములను బిడ్డలుగా వ్రాయుట మంప్స్‌లో సర్వసాధారణము. ఈ కణుపును డిక్షనరీగా మార్చునపుడు నిచ్చెన ఏదో ఒకటి చేయవలెను. బిడ్డలను ఉంచి విలువను జారవిడిచినచో, వివరములు మిగిలి మందు పేరు పోయినది. ఇంతకంటె కీడు వేరొకటి ఏముండును? విలువను ఒక ప్రత్యేకమైన పేరు క్రింద దాచుట రెండవ మార్గము. ఇది మేలు. కాని చెట్టులో ఎవరైనను నిజముగనే ఆ పేరుతో సూచిక వ్రాసియుండినచో రెండును ఢీకొనును. ఈ సందును ఎట్లు పూడ్చిరో చెప్పని నిచ్చెనను నమ్మరాదు.

మంప్స్‌వారు ఈ సంగతిని బాగుగ ఎరిగినవారు. కణుపునందు ఏమున్నదో చెప్పుటకై వారు ‘డేటా’ అను ప్రమేయము పెట్టిరి. అది నాలుగు జవాబులలో ఒకటి ఇచ్చును. 0 అనగా ఏమియు లేదు. 1 అనగా విలువ కలదు, బిడ్డలు లేరు. 10 అనగా విలువ లేదు, బిడ్డలు కలరు. 11 అనగా రెండును కలవు. పదుల స్థానము బిడ్డలకు, ఒకట్ల స్థానము విలువకు. రెండంకెలలో ఎంత చక్కని ఏర్పాటు! తరగతిలో స్థానవిలువ బోధించు ఉపాధ్యాయుడు దీనిని ఉదాహరణగా చెప్పవచ్చును. దళసరి నిచ్చెనలో ఈ నాలుగు జవాబులు తరచుగా రెండే అగును: ఉన్నది, లేదు.

ఉన్నది, లేదు అనుటలోను చిక్కు కలదు. మంప్స్‌లో ఒక విలువ నిజమా అబద్ధమా అని అడిగినచో అది ఆ విలువను సంఖ్యగా చదివి చూచును. సున్న అయినచో అబద్ధము. ‘పెన్సిలిన్’ అను మాట అంకెతో మొదలుకాదు గనుక దాని సంఖ్యావిలువ సున్న. మంప్స్ దృష్టిలో అది అబద్ధము! పైథానులో తీరు వేరు. అక్షరము ఒక్కటైనను ఉన్న మాట ఏదైనను నిజమే. కావున ‘0’ అను అక్షరము నిచ్చెన దిగి పైథానును మాటగా, లేక బైట్లుగా, చేరినచో అది నిజమగును. మందు పడదా అను ప్రశ్నకు మంప్స్ కార్యక్రమము ‘0’ అని, అనగా లేదని, వ్రాసిపెట్టినదనుకొనుడు. పైథాను విద్యార్థి ‘విలువ ఉన్నచో హెచ్చరించుము’ అని ఒక్క పంక్తి వ్రాసినచో ఆ రోగికి ప్రతి మందునకు హెచ్చరిక మ్రోగును. నాలుగు రోజులైన తరువాత నర్సులు హెచ్చరికలను లక్ష్యపెట్టుట మానుదురు. అసలు ముప్పు అప్పుడు వచ్చును. ఇక శూన్యమైన మాటకును, కణుపే లేకపోవుటకును భేదమున్నది. వైద్యుడు అడిగి, జవాబు లేదని ఖాళీగా వ్రాయుట ఒకటి. ఎవరును అడుగకనే పోవుట వేరొకటి. పైన చెప్పిన ఒక్క పంక్తి ఈ రెంటిని ఒకటి చేయును.

అంకెల సంగతికి వత్తము. ఇక్కడ విద్యార్థులు జాగ్రత్తగా చదువవలెను.

మంప్స్ చెట్టులో బిడ్డలు ఎప్పుడును వరుసలోనే ఉందురు. ముందు సంఖ్యలు, సంఖ్యల వరుసలో. తరువాత మాటలు, అక్షరముల వరుసలో. 1, 2, 10 అను సూచికలను వరుసగా అడిగినచో 1, 2, 10 అనియే వచ్చును. వాటిని మాటలుగా ఇవతలికి తెచ్చి పైథానులో మరల వరుస పెట్టినచో 1, 10, 2 అని వచ్చును. మందుల వరుస, పరీక్షల వరుస తారుమారగును. ఏది సంఖ్య, ఏది మాట అను నిర్ణయమునకు మంప్స్‌లో కచ్చితమైన నియమము కలదు. సంఖ్యను దాని పొట్టి రూపములో వ్రాసిననే సంఖ్య. 7 సంఖ్య, 007 మాట. 1.5 సంఖ్య, 1.50 మాట. అన్నిటికంటె వింత, అర అను విలువ పొట్టిరూపము దశాంశ బిందువుతోనే మొదలగును: .5 అని. ముందు సున్న పెట్టినచో అది మాట. పైథాను అరను మాటగా మార్చునపుడు 0.5 అని సున్నతోనే వ్రాయును. మోతాదును సూచికగా పెట్టుకొన్న చెట్టులో మంప్స్ కార్యక్రమము .5 అను కణుపున వ్రాయును. పైథాను కార్యక్రమము 0.5 అను కణుపున వెదకును. కణుపు దొరకదు. తప్పు సందేశమును రాదు, ఏలయన లేని కణుపును అడుగుట తప్పు కాదు. మందు లేదని జవాబు వచ్చును.

అటునుండి చూచినను ఇదే బాధ. విద్యార్థి హాలుటికెట్టు సంఖ్య 007 అయినచో, దానిని పైథాను సంఖ్యగా మార్చి పంపిన 7 అను కణుపును తాకును. అది వేరొక విద్యార్థిది కావచ్చును.

లెక్క చేయుటలో కూడ రెండు భాషల సంప్రదాయములు వేరు. 2+3*4 ఎంత? మన తరగతిలో 14. పైథానులోను 14. మంప్స్‌లో 20! అది ఎడమనుండి కుడికి వచ్చినది వచ్చినట్లు లెక్కించును. గుణకారమునకు పెద్దపీట లేదు. పాత మంప్స్ కార్యక్రమములోని సూత్రమును చూచి పైథానులో తిరగవ్రాయువాడు ఈ సంగతి ఎరుగనిచో అతని లెక్క తప్పును. దశాంశములలో మాత్రము మంప్స్‌దే పైచేయి. 0.1కి 0.2 కలిపిన అది 0.3 అనియే చెప్పును. పైథానులోని సాధారణ భిన్నాంకములు ద్విసంఖ్యామానములో నడచుటచేత 0.30000000000000004 అని చూపును. పైసల లెక్కలున్న నిధినుండి విలువలను తెచ్చునపుడు పైథానులోని డెసిమల్ అను రకమును వాడవలెను. నిచ్చెన కట్టినవారు వాడుకరిని అడుగకయే భిన్నాంకముగా మార్చి ఇచ్చుట ఉపకారము కాదు.

అయితే పైథానును మెచ్చుకొనవలసిన చోటును కలదు. మోతాదు కణుపున ఎవరో ‘5 మి.గ్రా.’ అని వ్రాసినారనుకొనుడు. మంప్స్ దానిని రెట్టింపు చేయుమన్న మారుమాటాడక 10 అనును. మొదటి అంకెను చదివి మిగిలినదానిని వదలివేయును. అచ్చట 5 మైక్రోగ్రాములని వ్రాసియున్నను 10 అనియే అనును. పైథాను దానిని సంఖ్యగా చదువ నిరాకరించి ఆగిపోవును. ఆగిపోవుటయే మేలు.

ఇంతవరకు చదువుట సంగతి. వ్రాయుటలో ముప్పు ఇంకను పెద్దది. విస్టా వ్యవస్థలో రోగి వివరములను చెట్టులో ఎవరు పడితే వారు వ్రాయుటకు లేదు. ఫైల్‌మాన్ అను కార్యక్రమముల సముదాయము ద్వారా వ్రాయవలెను. అది విలువ సరియైనదా అని చూచును. అంతేకాక, ఎదురు సూచికలను కూడ వ్రాయును. ఎదురు సూచిక యననేమి? చెట్టు ఒక ప్రశ్నకు మాత్రమే సులువుగా జవాబు చెప్పును. ఈ రోగి ఏ మందులు వాడుచున్నాడని అడిగిన దారి పట్టుకొని దిగిన చాలును. ఈ మందును ఏయే రోగులు వాడుచున్నారని అడిగినచో చెట్టంతయు గాలింపవలెను. అందుకై మందు పేరు పైన, రోగి సంఖ్య క్రింద ఉండునట్లు రెండవ చెట్టు నొకదానిని పెంచుదురు. ఒక మందులో దోషమున్నదని తెలిసి దానిని వాడువారందరిని పిలిపింపవలసివచ్చినప్పుడు వెదకునది ఈ రెండవ చెట్టులోనే. పైథాను నిచ్చెనతో మొదటి చెట్టులో నేరుగా మందు వ్రాసినవాడు రెండవ చెట్టును మరచినచో, ఆ రోగికి పిలుపు రాదు. నిచ్చెన చేసిన తప్పు ఇందేమియు లేదు. అడిగిన పని అడిగినట్లే చేసినది. గోడ మీదుగా దిగుటకు నిచ్చెన సాయపడినది, తలుపు వద్దనున్న కావలివానికి ఆ సంగతి తెలియలేదు. నిచ్చెనల వెంట వచ్చు చిన్న పుస్తకములలో ఈ హెచ్చరిక మొదటి పుటలో ఉండవలెనని నా అభిప్రాయము. చదువుటకు మాత్రమే పనికివచ్చు నిచ్చెనను వేరుగా కట్టి ఇచ్చుట ఇంకను మంచిది.

లావాదేవీల విషయమును చెప్పక తప్పదు. మందులకొట్టులో పది మాత్రలు తగ్గించి, రోగి ఖాతాలో పది మాత్రలు వ్రాయుట ఒకే లావాదేవి. రెండును జరుగవలెను, లేక ఏదియు జరుగరాదు. జీటీ.ఎం., యొట్టాడీబీలు ఇట్టి పనిని ఆశావాదముతో చేయును. ఎవరును అడ్డురారనుకొని పని చేసి, చివర సరిచూచుకొనును. నడుమ వేరెవరైనను అదే కణుపును మార్చియున్నచో చేసినదంతయు చెరిపి మొదటినుండి మరల చేయును. చెట్టునకు ఇందువలన హాని లేదు. కాని లావాదేవి లోపల పైథాను కార్యక్రమము రోగి ఫోనునకు సందేశము పంపినచో? చెట్టులోని వ్రాతను చెరిపినట్లు పంపిన సందేశమును చెరుపలేము. రద్దీగా ఉన్న వేళ రోగికి అదే సందేశము రెండు మూడు మారులు పోవును. తీరిక వేళ పరీక్షించినవానికి ఈ దోషము కనబడదు. తాళముల తీరును ఇట్టిదే. యొట్టాడీబీలో తాళము ప్రక్రియకు చెందును; ఆ ప్రక్రియ లోపల సమాంతరముగా నడచు పోగులకు వేరువేరుగా చెందదు. ఒకే ప్రక్రియలో పది పోగులతో పది మందికి సేవచేయు పైథాను కార్యక్రమములో ఒకరు వేసిన తాళము తక్కిన తొమ్మిదిమందిని ఆపదు.

ఐ.ఎం.ఎస్. సంగతి మరల వచ్చునంటిని. ఐ.బి.ఎం. వారి స్క్రిప్టు భాష రెక్స్. మైక్ కౌలిషా 1979లో దానిని మొదలుపెట్టెను. అందు విలువలన్నియు మాటలే, లెక్కలు దశాంశములలోనే. ఐ.ఎం.ఎస్. చెట్టులోని ముక్కలు ఇందుకు పూర్తిగా వేరు. కోబాలు భాషవారు గీచిన గళ్ల ప్రకారము కూర్చిన ఉత్త బైట్లు అవి. ఈ బైటునుండి ఆ బైటువరకు పేరు, తరువాతి నాలుగింటిలో కుదించి దాచిన సంఖ్య అని తెలిసినగాని చదువలేము. ఐ.ఎం.ఎస్.కు కట్టిన రెక్స్ నిచ్చెన ఈ భేదమును దాచదు. ఏ పేరు ఎన్ని బైట్లు, ఏ రకము అని కార్యక్రమము వ్రాయువాడే ముందుగా ఒక పటము గీచి ఇయ్యవలెను. ముక్క దొరకనిచో జీఈ అనియు, చెట్టు చివరకు వచ్చినచో జీబీ అనియు నిధి చెప్పు రెండక్షరముల గుర్తులను అతడే చూచుకొనవలెను. పాతకాలపు మోటు పద్ధతి అని నవ్వువారున్నారు. నాకు మాత్రము ఇది నిజాయితీగల పనిగా తోచుచున్నది. లేదనుటకును, అయిపోయినదనుటకును వేరువేరు గుర్తులు చివరివరకు చేరినవి.

చెట్టుకు పట్టిక వేషము వేసి, ఎస్.క్యూ.ఎల్. ప్రశ్నలకు జవాబు చెప్పించు మూడవ దారియు కలదు. కణుపులను వరుసలుగా, సూచికలను నిలువు గళ్లుగా చూపుదురు. 1970లో ఐ.బి.ఎం. పరిశోధకుడు కాడ్ పట్టికల సిద్ధాంతమును ప్రకటించినప్పుడు చెట్లపై తెలిపిన అభ్యంతరము, కార్యక్రమములు దారులకు కట్టుబడిపోవునని. అది న్యాయమైనదే. పట్టిక వేషము చదువుటకును, నివేదికలు తీయుటకును బాగుగనే పనికివచ్చును. పన్నెండవ తరగతి పాఠము కూడ యథాతథముగా ఉపయోగించును. కాని ఏ కణుపు ఏ గడిగా కనబడవలెనో ముందు ఎవరో ఒకరు పటము వ్రాయవలెను. పటములో వ్రాయని కొమ్మ పట్టికలో లేనే లేదు.

తెలుగువారికి ప్రత్యేకముగా తగులు సంగతి ఒకటి మిగిలినది. సూచికలుగా తెలుగు పేర్లు పెట్టినచో చెట్టు వాటిని యూనికోడు సంఖ్యల వరుసలో ఉంచును. యూనికోడు పట్టికలో ఱ అను అక్షరము ర, లల నడుమను, ళ అను అక్షరము ల, వల నడుమను కూర్చున్నవి. మన వర్ణమాలలో హ తరువాత చెప్పుకొను ళ ఇట్లు వకారమునకు ముందుపడును. పాఠశాల హాజరుపట్టీ వరుసకు అలవాటుపడిన ఉపాధ్యాయునికి ఈ వరుస ఎబ్బెట్టుగా ఉండును. జీటీ.ఎం.లో మన వరుసను మనమే నిర్ణయించుకొనవచ్చును గాని, ఆ చెట్టులో ఒక్క కణుపైనను మొలువక మునుపే ఆ నిర్ణయము జరుగవలెను. తరువాత మార్చదలచినచో చెట్టునంతయు ఖాళీచేసి మరల నాటవలసినదే.

ఆసక్తి గల ఉపాధ్యాయులు తమ పాఠశాల కంప్యూటరులో యొట్టాడీబీని వెల లేకుండ పెట్టుకొని ఏ నిచ్చెననైనను ఈ విధముగా పరీక్షింపవచ్చును. మంప్స్‌లోనుండి ఒక చెట్టున 1, 2, 10, .5 అను సంఖ్యలను, 007 అను మాటను సూచికలుగా పెట్టి విలువలు వ్రాయుడు. 2 అను కణుపునకు సొంత విలువతోపాటు ఒక బిడ్డను కూడ ఇయ్యుడు. 10కి విలువ లేకుండ బిడ్డను మాత్రము ఇయ్యుడు. 1కి శూన్యమైన మాటను, .5కి సున్నను విలువలుగా ఇయ్యుడు. పిదప నిచ్చెన ద్వారా చెట్టునంతయు పైథానులోనికి తెచ్చి, ఏమియు మార్చక, వేరొక పేరుతో మరల చెట్టులో వ్రాయుడు. రెండు చెట్లలోను ప్రతి కణుపు వద్దను ‘డేటా’ ప్రమేయమును పిలిచి జవాబులను ప్రక్కప్రక్కన వ్రాసికొనుడు. ఎక్కడ 11కు బదులు 10 వచ్చినదో, ఎక్కడ 1కి బదులు 0 వచ్చినదో విద్యార్థులే వెదకి పట్టుకొందురు.